ఖాళీ బకెట్ వెనక్కి రావాలి

చిరంజీవికి ఆశీస్సులు.

మంట లేచినప్పుడు మనుషులను వరుసగా నిలబెట్టి నీళ్లు అందించడం ఎలాగో రాయమన్నావు. నీ వయసులో నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఒక మంట దగ్గర మేమంతా ఎవరి బకెట్ వారు పట్టుకుని పరుగెత్తాం. ఒకరినొకరం గుద్దుకున్నాం, దారంతా బురదయింది, మంట దగ్గరకు చేరేసరికి బకెట్‌లో సగమే మిగిలింది. కదలాల్సింది నీళ్లు, మనం నిలబడాలని అప్పుడు తెలిసింది.

ముందు అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేయించు, లోపలి వాళ్లను బయటకు రప్పించు. కరెంటు తీసేదాకా నీళ్లు చల్లనివ్వకు. కాగుతున్న నూనె అంటుకుంటే అసలు నీళ్లు పోయకూడదు, మంట ఎగిసి మనుషుల మీద పడుతుంది.

ఇక వరుస. పక్కపక్కనున్నవాళ్లు ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి ఎదురెదురుగా నిలబడాలి. అప్పుడు నడుము తిప్పే పని తగ్గుతుంది. చేయి చాచితే అందేంత దూరం చాలు. బకెట్ నిండా నింపొద్దు. పది లీటర్లంటే పది కిలోలు, ఇరవయ్యో బకెట్‌కే భుజాలు పడిపోతాయి. ఏడు లీటర్లయితే గంటసేపు లాగవచ్చు.

అందరూ మరిచేది ఖాళీ బకెట్లను. అవి మంట దగ్గరే కుప్పపడితే నీళ్లుండీ వరుస ఆగిపోతుంది. వాటి కోసం రెండో వరుస పెట్టు. బరువు ఎత్తలేనివాళ్లు అక్కడ హాయిగా పనికొస్తారు. బలమైనవాళ్లను రెండు కొసల్లో, నింపేచోట, చల్లేచోట ఉంచు. చల్లేవాణ్ణి నాలుగైదు నిమిషాలకోసారి మార్చు. వాడు ఒప్పుకోడు, అయినా మార్చు. గాలి వాడి వీపు వైపు నుంచి రావాలి, నీళ్లు ఎగిసే నాలుకల మీద కాక మండుతున్న వస్తువు మీద పడాలి. నువ్వు మాత్రం వరుసలో చేరకు, పొడవునా తిరుగుతూ చూడు.

కప్పంతా అంటుకుందంటే ఆ ఇంటి మీద ఆశ వదిలేసి పక్కింటి కప్పును తడుపు. ఇది చెప్పినందుకు నిన్ను తిట్టేవాళ్లుంటారు, పడు. పొగలోకి ఎవరినీ పోనివ్వకు.

1736లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన మంటలార్పే సంఘంలో ఒక్కో సభ్యుడు తోలు బకెట్లు సిద్ధంగా ఉంచుకోవాలన్నది నిబంధన. మీ వీధిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయి. పిడి ఊగేవి ఆ లెక్కలో వేయకు.