నీలగిరి, జామాయిల్ ఒకటేనా?

సందేహం: మా ఊరి జామాయిల్ తోటల మీద పిల్లల చేత వ్యాసం రాయించాను. ఒక అబ్బాయి ‘నీలగిరి చెట్లు’ అని రాస్తే తప్పని కొట్టేసి ఒక మార్కు తగ్గించాను. నిఘంటువులో చూస్తే రెండూ యూకలిప్టసే అని ఉంది. నేను దిద్దింది సరేనా? – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: వాడుక ప్రకారం ఆ అబ్బాయి రాసింది తప్పు కాదమ్మా. యూకలిప్టస్‌లో వందల రకాలున్నాయి. మనవాళ్లు ఏ రకాన్నైనా ఈ రెండు పేర్లతోనూ పిలుస్తారు. అయితే మీ అనుమానం వట్టిదేం కాదు. ఈ పేర్లు వేరువేరు చెట్లను పట్టుకుని వచ్చాయి.

నీలగిరి అనేది కొండల పేరు. 1843 ప్రాంతంలో అక్కడ నాటిన ఆస్ట్రేలియా చెట్టు గ్లోబ్యులస్ రకం. దాని ఆకుల నుంచి తీసిన నూనె ‘నీలగిరి తైలం’గా ఊరూరికీ చేరింది. చీనా పేరు చీనీకాయకు వచ్చినట్టే, కొండ పేరు చెట్టుకూ వచ్చింది. ఈ రకానికి చల్లటి వాతావరణం కావాలి, మన మైదానాల ఎండకు తట్టుకోలేదు.

మన తోటల్లో పెంచి కాగితం మిల్లులకు పంపేవి ఎక్కువగా టెరెటికార్నిస్, దాని దగ్గరి చుట్టం కమాల్డులెన్సిస్, వాటి సంకరాలు. మన పల్లెల్లో జామాయిల్ అంటే ఇవే. మాటను విప్పితే జామ, ఆయిల్ కనిపిస్తాయి. జామమాను లాగే దీనికీ బెరడు పెచ్చులుగా ఊడి లోపల నున్నగా ఉంటుంది. ఆ పోలికే పేరైందని నా అభిప్రాయం. వృక్షశాస్త్రంలోనూ జామ, నేరేడు, యూకలిప్టస్ ఒకే కుటుంబం.

రెండు రకాలకీ తేడా మొగ్గలో తెలుస్తుంది. గ్లోబ్యులస్ మొగ్గ ఆకు మొదట్లో చాలావరకు ఒంటరిగా, తొడిమ లేకుండా, బుడిపెలతో లావుగా ఉంటుంది. లేత మొక్క ఆకుల మీద బూడిదగుమ్మడి మీద ఉన్నట్టు తెల్లటి పొడి, వేలితో రుద్దితే చెరిగిపోతుంది. టెరెటికార్నిస్ మొగ్గలు ఒకే కాడకు గుత్తిగా వస్తాయి, ఒక్కోదాని మీద కొమ్ములాంటి పొడుగు టోపీ. పూవు విచ్చుకునేటప్పుడు ఆ టోపీ ఊడి పడిపోతుంది. లాటిన్‌లో ఆ పేరుకు అర్థమే ‘గుండ్రని కొమ్ము’. పేరు పెట్టినవాడు మొగ్గను ఎంత దగ్గరగా చూశాడో!

ఇక రాతలో నా సలహా: తోటకు జామాయిల్, తైలానికి నీలగిరి వాడండి. ‘జామాయిల్ నూనె’ అని రాస్తే నూనె రెండుసార్లు వచ్చినట్టవుతుంది. ఆ అబ్బాయి మార్కు మాత్రం తిరిగి ఇచ్చేయండి.