ఒక్క కంటికే నల్లద్దం

ప్రశ్న: మాస్టారూ, మా పాప చలువ కళ్లద్దాలకి ఎడమ అద్దం ఊడిపోయింది. మిగిలిన ఒక్క అద్దంతోనే టీవీ చూస్తూ, పాటలో రైలు వెళ్తుంటే చెట్లు ముందువి ముందు, వెనకవి వెనక విడివిడిగా కనిపిస్తున్నాయంటోంది. మాది మామూలు టీవీయే. ఇది నిజమేనా? కళ్లకేమైనా చేటా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: పాప చెప్పింది నిజమేనమ్మా. దాన్ని కోప్పడకండి.

వెలుగు తగ్గితే కన్ను నెమ్మదిస్తుంది. నల్లద్దం వెనకున్న కంటి కబురు మెదడుకి సెకనులో సుమారు వందో వంతు ఆలస్యంగా చేరుతుంది. కదలని వస్తువైతే ఆ ఆలస్యం తెలియదు. కదిలేదాన్ని మాత్రం ఎడమ కన్ను ఒకచోట, కుడి కన్ను కాస్త వెనకచోట చూస్తాయి. ఆ తేడాని మెదడు దగ్గరా దూరాల తేడాగా లెక్కగడుతుంది. అందుకే బొమ్మ అడ్డంగా కదిలినంతసేపే ఈ వింత. పాప అద్దం కుడికంటికి కాబట్టి చెట్లు ఎడమ నుంచి కుడికి పోవాలి. కుడి నుంచి ఎడమకి పోతే దగ్గరా దూరం తారుమారవుతాయి.

గుమ్మానికి దారంతో తాళంకప్ప వేలాడదీసి, పక్కలకి ఊపి, రెండు కళ్లూ తెరిచి చూడమనండి. అది తిన్నగానే ఊగుతున్నా, కుడికి వెళ్లేటప్పుడు దగ్గరకొచ్చి, ఎడమకి వెళ్లేటప్పుడు దూరం జరిగి, గుండ్రంగా తిరుగుతున్నట్టుంటుంది.

నాకైతే రైల్లో చూడటమే ఇష్టం. విజయనగరం నుంచి మీ ఊరొచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఇంజను ఎటుందో దానికి అవతలి కంటికి నల్లద్దం పెట్టుకుంటాను. చీపురుపల్లి దాటాక తాటిచెట్లు వరసలు వరసలుగా విడిపోతాయి. బండి గంటకి 72 కిలోమీటర్లు పోతుంటే సెకనుకి 20 మీటర్లు. వందో వంతులో 20 సెంటీమీటర్లు. మన కళ్ల మధ్య ఎడం ఆరున్నర సెంటీమీటర్లే కదా! ఆ కాసేపూ కళ్లు జానెడు పైచిలుకు ఎడంగా ఉన్నట్టన్నమాట.

1922లో దీన్ని వివరించినవాడు జర్మనీలో, జేనాలోని జైస్ సంస్థలో పనిచేసిన కార్ల్ పుల్‌ఫ్రిష్. అప్పటికే ఆయనకి ఒక కంటి చూపు పోయింది. తన పేరుతో నిలిచిన వింతని ఆయన చూడలేకపోయాడు.

ఆ సంగతి నాకు తెలియని రోజుల్లో, తరగతిలో తాళంకప్ప ఊపితే ఒక కుర్రాడు "నాకేం తిరగట్లేదు మాస్టారూ" అన్నాడు. సరిగా చూడమని గద్దించాను. చిన్నప్పటి నుంచి వాడికి ఒక కన్ను మసకేనని ఆ తర్వాత బయటపడింది. ఆ గద్దింపు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కాసేపు ఆడుకుంటే కళ్లకి చేటు లేదు. ఆ అద్దంతో రోడ్డెక్కడం, సైకిల్ తొక్కడం మాత్రం వద్దు, వచ్చే బండి దూరం తప్పుగా తోస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా అద్దం లేకుండానే ఇలా కనిపిస్తుంటే ఒక కంట్లో శుక్లమో, కంటి నరం జబ్బో ఉండొచ్చు, డాక్టరుకి చూపించండి. పాప స్నేహితుల్లో ఎవరికైనా తాళంకప్ప తిరగకపోతే, వాళ్ల అమ్మానాన్నలకి ఒకమాట చెప్పండమ్మా.