రెసిస్టెన్స్ పెరిగితే వేడి పెరుగుతుందా, తగ్గుతుందా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఇదీ: వేడికి పుస్తకంలో ఐ స్క్వేర్ ఆర్ అని ఒక సూత్రం, వీ స్క్వేర్ బై ఆర్ అని ఇంకో సూత్రం ఉన్నాయి (ఐ అంటే కరెంట్, వీ అంటే వోల్టేజ్, ఆర్ అంటే రెసిస్టెన్స్). మొదటిది చూస్తే రెసిస్టెన్స్ పెరిగే కొద్దీ వేడి పెరగాలి, రెండోది చూస్తే తగ్గాలి, మరి ఏది నమ్మాలి? దాంతో పాటు, బల్బుని మల్టీమీటర్‌తో కొలిస్తే లెక్కకి పొంతన లేని ఓంలు చూపిస్తోందని కూడా రాశారు. మొదటి ప్రశ్న నన్ను చాలాకాలం తిప్పలు పెట్టింది, ఒకసారి వేలు కూడా కాల్చింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

కొత్తగా సర్క్యూట్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు నా దగ్గర 12 వోల్టుల అడాప్టర్ ఒకటి, పావు వాట్ రెసిస్టర్లు ఓ గుప్పెడు ఉండేవి. ఊరికే ఒక రెసిస్టర్‌ని అడాప్టర్‌కి అడ్డంగా కలిపి కరెంట్ కొలుద్దాం అనుకున్నా. ఏది పెట్టాలి? నా బుర్రలో ఐ స్క్వేర్ ఆర్ ఒక్కటే గట్టిగా నాటుకుపోయింది కాబట్టి, రెసిస్టెన్స్ తక్కువుంటే వేడీ తక్కువే, సేఫ్ అని 22 ఓంలది తీసుకున్నా. రెండు సెకన్లు కూడా కాలేదు, కమురు వాసన, సన్నటి పొగ. కంగారులో దాన్ని వేళ్లతో పీకేశా, బొబ్బ లేచింది. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే 12 ని 12 తో గుణించి 22 తో భాగించాలి, అంటే ఆరున్నర వాట్లు. పావు వాట్ మాత్రమే తట్టుకునే దాని మీద 26 రెట్ల బరువు వేశానన్నమాట. అదే వెయ్యి ఓంలది పెట్టుంటే 0.144 వాట్లు, గోరువెచ్చగా అయ్యి ఊరుకునేది.

నా తప్పు సూత్రంలో లేదు. ఆర్ ని మారుస్తూ ఐ మాత్రం కదలకుండా ఉంటుందని నాకు తెలియకుండానే అనుకున్నా, అక్కడుంది తప్పు. అడాప్టర్ కరెంట్‌ని పట్టుకుని కూర్చోదు, అది 12 వోల్టుల్ని పట్టుకుని కూర్చుంటుంది. ఆర్ తగ్గిస్తే కరెంట్ ఎగబాకుతుంది, పైగా వేడి లెక్కలో కరెంట్ స్క్వేర్‌లో ఉంది కాబట్టి ఆర్ తగ్గడం వల్ల కలిసొచ్చిన దానికంటే కరెంట్ పెరగడం వల్ల పోయిందే ఎక్కువ. రెండు సూత్రాలూ ఎప్పుడూ నిజమే, ఏ క్షణంలో కొలిచినా రెండూ ఒకే జవాబిస్తాయి. కానీ "పెరిగితే ఏమవుతుంది" అని అడిగినప్పుడు మాత్రం ముందు ఇంకో ప్రశ్న అడగాలి: నేను ఆర్ మారుస్తుంటే వోల్టేజ్, కరెంట్ రెండింటిలో ఏది కదలకుండా ఉంది? దాన్ని ఎవరు పట్టుకున్నారు?

దీన్ని కళ్లతో చూడాలంటే రెండు 12 వోల్టుల ఫిలమెంట్ బల్బులు తెచ్చుకోండి, ఒకటి 5 వాట్లది, ఇంకోటి 10 వాట్లది. ఎల్ఈడీ బల్బులు వద్దు, వాటి లెక్కే వేరు. పారలల్‌లో, అంటే రెండింటినీ పక్కపక్కన విడివిడిగా అడాప్టర్‌కి కలిపితే రెండింటికీ పూర్తిగా 12 వోల్టులు అందుతాయి, 10 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది, ఇందులో వింతేం లేదు. ఇప్పుడు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఒకే దారిలో కలపండి. 5 వాట్లది మసకగా వెలుగుతుంది, 10 వాట్లది దాదాపు ఆరిపోయినట్టే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు బల్బు పోయిందేమోనని మార్చి మార్చి చూశా. పోలేదు. సిరీస్‌లో ఒకదాంట్లోంచి పోయే కరెంటే రెండోదాంట్లోంచీ పోవాలి, వేరే దారి లేదు, కాబట్టి ఇక్కడ ఇద్దరికీ ఉమ్మడిది కరెంట్. ఎవరి రెసిస్టెన్స్ ఎక్కువైతే వాళ్లకే ఎక్కువ వేడి. 5 వాట్ల బల్బు రెసిస్టెన్స్ 28.8 ఓంలు, 10 వాట్లది 14.4, అందుకే చిన్న బల్బు గెలుస్తుంది. అవే బల్బులు, అదే అడాప్టర్, కలిపిన తీరు మారితే తీర్పు తిరగబడుతుంది.

చాలామంది చెప్పే పైపులో నీళ్ల పోలిక గురించి ఒక మాట. నాకది కొంతవరకే ఉపయోగపడింది. పైపు కోస్తే నీళ్లు బయటికి కారతాయి, వైరు కోస్తే కరెంట్ అసలు ఆగిపోతుంది. నీళ్ల పోలికతోనే నేర్చుకున్నవాళ్లు మొదటి బల్బు కరెంట్‌ని కొంత తాగేసి రెండోదానికి మిగిలింది పంపుతుందని అనుకుంటారు, అది తప్పు, రెండుచోట్లా ఆమ్మీటర్ (కరెంట్ కొలిచే మీటర్) పెట్టి చూస్తే ఒకే అంకె వస్తుంది. ఖర్చయ్యేది శక్తి, కరెంట్ కాదు.

ఇక అసలు రుచికరమైన భాగం లూజ్ కాంటాక్ట్. ఇది నాకు ప్లగ్ నేర్పిన పాఠం. హీటర్ బాగానే పనిచేస్తోంది, వేడి తగ్గలేదు, కానీ ప్లగ్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగి మెత్తబడింది. రెసిస్టెన్స్ ఎక్కువైతే కరెంట్ తగ్గుతుంది కదా, మరి లూజ్‌గా ఉన్నచోట ఎందుకు కాలుతోంది అని తల గోక్కున్నా. లెక్క చూడండి. 230 వోల్టుల మీద 10 ఆంపియర్లు తీసుకునే హీటర్ రెసిస్టెన్స్ 23 ఓంలు. పిన్ను దగ్గర వదులై 0.2 ఓంలు చేరిందనుకోండి. మొత్తం 23.2, కరెంట్ 9.9 ఆంపియర్లు, అంటే పెద్దగా మారిందేం లేదు. కరెంట్ ఎంతుండాలో నిర్ణయిస్తున్నది హీటర్, పిన్ను దాన్ని మోయడమే. కాబట్టి పిన్ను వరకు ఐ స్క్వేర్ ఆర్ లెక్కే నడుస్తుంది, దాదాపు 20 వాట్లు, అదీ గింజంత చోట. అది ఒక ఓంకి పెరిగితే సుమారు 92 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ మొన దగ్గర ఉండే వేడి ఎంతో తెలిసినవాళ్లకి ఈ అంకె భయం పుట్టిస్తుంది. ఇంతా చేసి ఫ్యూజ్‌కి దీని సంగతే తెలియదు, ఎందుకంటే కరెంట్ పెరగలేదు, కాస్త తగ్గింది కూడా.

అలాగే పెంచుకుంటూ పోతే? ఇది ఊహలో లెక్కే, నిజంగా అంతదాకా వెళ్లకముందే ప్లగ్ కరిగిపోతుంది. పిన్ను దగ్గర కూడా 23 ఓంలు వస్తే కరెంట్ సగమై 5 ఆంపియర్లు, పిన్ను దగ్గర వేడి 575 వాట్లు. 230 ఓంలైతే వేడి 190 వాట్లకి దిగుతుంది. 2300 ఓంలైతే మళ్లీ 22 వాట్ల చుట్టుపక్కలకి వచ్చేస్తుంది, వైరు పూర్తిగా తెగితే సున్నా. చూశారా, ఒకే జాయింట్‌లో మీ రెండు సూత్రాలూ వంతులు వేసుకుని పనిచేస్తున్నాయి. హీటర్ రెసిస్టెన్స్‌కి సమానమయ్యే దాకా వేడి పెరిగింది, ఆ గీత దాటాక తగ్గింది. గీతకి ఇటువైపు కరెంట్‌ని హీటర్ శాసిస్తోంది, అటువైపు పిన్నే శాసిస్తోంది. నాకు ఈ విషయం బుర్రకెక్కిన రోజున ఒక గ్రాఫ్ గీసుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా. (మీ ప్లగ్ వేడెక్కుతుంటే గ్రాఫ్ గీయకండి, వెంటనే ఆపేసి మార్పించండి.)

ఇంకో మెలిక ఉంది. వోల్టేజ్‌ని సోర్స్ (అడాప్టరో, బ్యాటరీయో) పట్టుకుంటుందన్నా కదా, అది కూడా కొంతవరకే. పాత సెల్లు మీటర్‌లో 1.4 వోల్టులు చూపిస్తుంది, బొమ్మలో వేస్తే మోటారు కదలదు. సెల్లు లోపల కూడా రెసిస్టెన్స్ ఉంటుంది, పాతబడే కొద్దీ పెరుగుతుంది. మామూలు డిజిటల్ మీటర్ దాదాపు కోటి ఓంల రెసిస్టెన్స్‌తో చూస్తుంది, కరెంట్ అడగదు గనక మొత్తం వోల్టేజ్ కనిపిస్తుంది. అదే అర ఆంపియర్ కావాల్సిన మోటారు తగిలిస్తే, లోపల 2 ఓంలుంటే ఒక వోల్టు అక్కడే పోవాలి. ఇక మోటారుకి ఏం మిగులుతుంది? ఈ చికాకు సాక్షాత్తూ ఓమ్ గారికే, అంటే ఓం అనే కొలతకి ఎవరి పేరు పెట్టారో ఆ శాస్త్రవేత్తకే ఎదురైంది. ఆయన మొదట ఆ కాలపు రసాయన బ్యాటరీలతో కొలిస్తే వోల్టేజ్ నిలకడగా ఉండక 1825లో ప్రకటించిన ఫలితాలు సరిగ్గా రాలేదు. తర్వాత పోగెన్‌డార్ఫ్ అనే భౌతిక శాస్త్రవేత్త సలహాతో బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్ (రెండు కొసల వేడిలో తేడా నుంచి వోల్టేజ్ పుట్టించే లోహాల జత) వాడి, ఒక కొసని మరిగే నీళ్లలో, ఇంకో కొసని మంచులో ఉంచి, నిలకడైన వోల్టేజ్ సంపాదించాక గానీ లెక్క కుదరలేదు. ఆయన సూత్రాన్ని వివరిస్తూ 1827లో వచ్చిన పుస్తకం వెనుక కథ అది. కాబట్టి ఏది కదలకుండా ఉందో చూసుకోకుండా మనం తికమకపడితే సిగ్గుపడాల్సిన పనిలేదు.

పారలల్ గురించి ఎవరో కింద కామెంట్లలో అడిగారు, రెసిస్టర్లు పెంచితే మొత్తం రెసిస్టెన్స్ తగ్గడమేంటని. రెసిస్టర్‌ని అడ్డంకిలా కాకుండా ఇరుకు దారిలా చూడండి. వెయ్యి ఓంల దారి ఒకటుంటే 12 వోల్టుల మీద 12 మిల్లీ ఆంపియర్లు పోతాయి, పక్కనే అలాంటిదే ఇంకోటి తెరిస్తే దాంట్లోంచీ 12. మొత్తం 24, అంటే బయటి నుంచి చూసేవాళ్లకి అది 500 ఓంలు. కరెంట్ తక్కువ రెసిస్టెన్స్ ఉన్న దారిలోనే పోతుందనే మాట కూడా నమ్మకండి, అన్ని దారుల్లోనూ పోతుంది, సులువైన దాంట్లో ఎక్కువ, అంతే.

మీ మీటర్ సంగతి. మీరు కొలిచింది చల్లారిన ఫిలమెంట్‌ని. 12 వోల్టుల 5 వాట్ల బల్బు లెక్క ప్రకారం 28.8 ఓంలు ఉండాలి, నా మీటర్ రెండున్నర ఓంల దగ్గర ఆగింది, మీటర్ పాడైందనే అనుకున్నా. టంగ్‌స్టన్ వేడెక్కితే రెసిస్టెన్స్ పదిరెట్ల పైన పెరుగుతుంది, లెక్కలో వచ్చేది వెలుగుతున్నప్పటి విలువ. దాన్ని ఓంల రేంజ్‌లో కొలవలేం, కరెంట్ ఉన్న సర్క్యూట్‌కి ఆ రేంజ్ పెడితే మీటర్ దెబ్బతినొచ్చు. బల్బు వెలుగుతుండగా వోల్టేజ్ ఒకసారి, కరెంట్ ఒకసారి కొలిచి భాగించండి, 28 చుట్టుపక్కల వస్తుంది. తక్కువ ఓంలు కొలిచేటప్పుడు ముందు మీటర్ తీగల కొసలు రెండూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసి, ఆ అంకె తీసేయడం మరిచిపోకండి.