నాన్నగారి ఎర్ర మారుతి: పాలిష్ చాలా, పెయింటే వెయ్యాలా?

ప్రశ్న: సార్, మాది గుడివాడ. నాన్నగారు 1995లో కొన్న ఎర్ర మారుతి 800 ఇంకా మా దగ్గరే ఉంది. ఆయన పోయాక రెండేళ్లు పెరట్లో ఎండకీ వానకీ అలా వదిలేశాం. ఇప్పుడు డోర్లు తెల్లగా పాలిపోయాయి, చెయ్యి రాస్తే ఎర్రటి పొడి అంటుతోంది. టాప్ మీదా బానెట్ మీదా అయితే ఎండిన చెరువులో బురద పగిలినట్టు సన్న పగుళ్లు. బెజవాడ ఆటోనగర్‌లో ఒకాయన మెషిన్ పాలిష్‌తో మొత్తం కొత్తదానిలా చేసేస్తానంటున్నాడు, ఇంకొకాయన అంతా గీకేసి మళ్లీ పెయింట్ వెయ్యాల్సిందే అంటున్నాడు. అమ్మకేమో ఆ రంగు మారడం ఇష్టం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉందండీ. మీ డోర్లకొచ్చింది ఒక జబ్బు, బానెట్‌కొచ్చింది ఇంకోటి. రెంటికీ ఒకే మందు వేస్తే మాత్రం డబ్బులు పోతాయి, నాన్నగారి నాటి పెయింటూ పోతుంది.

ముందు డోర్ల సంగతి. చేతికి ఎర్ర పొడి అంటుతోందన్నారు కదా, అది మంచి కబురే. ఆ కాలం సాలిడ్ కలర్ (మెటాలిక్ తళుకు లేని రంగు) బండ్లలో చాలావాటికి పైన క్లియర్ కోట్, అంటే రంగుని కాపాడే పారదర్శకమైన పొర, ఉండదు, ఎండకి రంగు పైపొరే చచ్చి పొడైపోతుంది, కింద బతికున్న రంగు అలాగే ఉంటుంది. డోర్ మీద కాసిని నీళ్లు చల్లి చూడండి, తడిగా ఉన్నంతసేపు ముదురు ఎరుపు తేలి ఆరగానే మళ్లీ పాలిపోయిందంటే ఇక ఆ డోర్‌కి పెయింట్ జోలికి పోనక్కర్లేదు, పాలిష్ చాలు.

బానెట్ అలా కాదు. పాలిష్ అంటే పైపొరని అరగదియ్యడమే గానీ పగులుని పూడ్చడం కాదు. కంపెనీ పెయింటు పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో పదోవంతు, ఇంకాస్త పైన అనుకోండి. పగులు అందులో కిందిదాకా దిగిపోయుంటే దాని అడుగు తగిలేదాకా అరగదీస్తే మిగిలేది ప్రైమరే, అంటే రంగు కింద రేకుకి వేసే మొదటి పూతే, ఒక్కోచోట అదీ మిగలదు. గోరు అడ్డంగా పెట్టి మెల్లగా లాగి చూడండి, గోరు తట్టుకుందంటే అది పాలిష్‌కి లొంగే పగులు కాదు.

మరి కొత్తదానిలా చేస్తానన్నాయన మాటేంటంటారా, మెషిన్ కొట్టిన రోజు నిజంగానే మెరుస్తుంది. కాంపౌండ్‌లో, అంటే మెషిన్‌తో రుద్దే పాలిష్ ముద్దలో, ఉండే నూనెలు పగుళ్లలోకి దిగి వాటిని కప్పేస్తాయి. నాలుగుసార్లు షాంపూతో కడిగేసరికి నూనె పోయి పగుళ్లు బయటపడతాయి, పైగా కాంపౌండ్ పొడి వాటిలో ఇరుక్కుని ఎండి ఎర్ర బానెట్ మీద తెల్ల దారాలు పరిచినట్టు కనపడుతుంది. అది చూసి ఏడ్చినంత పని చేసినవాళ్లు నాకు తెలుసు. మన కృష్ణా జిల్లా ఉక్కపోతలో ఆ సందుల్లోంచి తేమ దిగితే కింద రేకు తుప్పు పట్టడం కూడా ఖాయం. పగులు అంచున గోధుమరంగు గీత కనపడుతోందా చూడండి, కనపడితే ఇక ఆలస్యం చెయ్యొద్దు.

కాబట్టి డోర్లూ ఫెండర్లూ పాలిష్ చేయించండి, టాప్, బానెట్ మాత్రం గీకించి పెయింట్ వేయించండి. పగుళ్ల మీదే లప్పం పెట్టి రంగు కొట్టేస్తామంటే ఒప్పుకోకండి, కింది పగులు కొన్నాళ్లకి పైకి వచ్చేస్తుంది. పగిలిన పెయింట్ మొత్తం తీసేసి, రేకుకి తుప్పుంటే అదీ శుభ్రం చేసి ప్రైమర్ దగ్గర్నుంచి రావాలి.

డోర్లకి వీలైతే మెషిన్ వద్దు, చేత్తోనే చెయ్యండి. బాగా కడిగి, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నూనె ఎక్కువుండే గ్లేజ్ (పెయింట్‌కి పట్టించే క్రీము) దండిగా పట్టించి రాత్రంతా వదిలెయ్యండి, ఎండిపోయిన పెయింట్ దాన్ని పీల్చుకుంటుంది. పొద్దున్నే తుడిచి సన్నరకం పాలిష్‌తో చిన్న చిన్న భాగాలుగా రుద్దండి. గుడ్డ ఎర్రగా అవుతుంది, కంగారు పడకండి, ఆ వచ్చేది చచ్చిన రంగే. మెరుపు రాగానే ఆపెయ్యండి, ఇంకాస్త ఇంకాస్త అని రుద్దకండి. ఆఖర్న వ్యాక్స్. డోర్ అంచుల మీదా రేకు మడతల మీదా పెయింట్ పల్చగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేప్ వెయ్యండి. నా పాత ప్రీమియర్ పద్మిని కారు బానెట్ మడత మీద మెషిన్ ఒక్క క్షణం ఎక్కువ ఆపాను, వేలెడు పొడుగున ప్రైమర్ బయటపడింది, ఇన్నేళ్లయినా దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇక అమ్మగారి రంగు. ముందు డోర్లు పాలిష్ చేసి అసలు ఎరుపు బయటికి తెచ్చాకే టాప్‌కి రంగు కలిపించండి, ఇప్పుడే కలిపిస్తే రెండూ కలవవు. డోర్ తెరిస్తే లోపలి స్తంభం మీదా, పెట్రోల్ మూత వెనకా ఎండ తగలని రంగుంటుంది, అదే 1995లో నాన్నగారు ఇంటికి తెచ్చిన ఎరుపు. పెట్రోల్ మూతని ఊడదీసి రంగులు కలిపే షాపుకి పట్టుకెళ్లండి, కలిపిన రంగు చిన్న రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక ఎండలోకి తెచ్చి డోర్ పక్కన పెట్టి అమ్మగారికి చూపించండి. ఆవిడ సరేనన్నాకే బానెట్ మీద చెయ్యి వెయ్యమనండి.