మధ్యలో ఆగిపోతున్న ఇండక్షన్ స్టవ్

నీళ్లు మరిగేలోపే ఇండక్షన్ స్టవ్ బీప్‌మని ఆగిపోతోందని, ఒక స్టీలు గిన్నె అయితే అసలు వేడెక్కడమే లేదని రాశారు. టెన్షన్ పడకండి, స్టవ్ పాడై ఉండకపోవచ్చు.

ముందు ఆ గిన్నె సంగతి. దాని అడుగున సరిగ్గా మధ్యలో ఒక అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కోకపోతే అది ఇండక్షన్‌కి పనికిరాదు. స్టీలంతా ఒకటి కాదు. అడుగు సొట్టపోయి గాజు మీద ఊగుతున్నా వేడి సరిగా అందదు.

మధ్యలో ఆగడానికి మాత్రం నా అనుమానం గాలి మీదే. లోపలి ఫ్యాన్‌కి గాలి సరిగా ఆడక వేడి పెరిగితే స్టవ్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మాదీ ఇలాగే చేసేది. చల్లారాక ప్లగ్ తీసి తిరగేస్తే, ఫ్యాన్ జాలీ నిండా జిడ్డుతో ముద్దకట్టిన దుమ్ము! పొడి బ్రష్‌తో దులిపాక మళ్లీ ఆగలేదు. గోడకు ఆనించకండి, కింద గుడ్డ పరవకండి. వంటయ్యాక ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ తీయకండి.

ప్లగ్ కూడా ఒకసారి ముట్టుకుని చూడండి. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు దాన్ని తట్టుకోలేదు. ప్లగ్ బాగా వేడిగా ఉంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. గాజుకు చిన్న పగులు కనిపించినా వాడొద్దు, లోపలికి తడి దిగితే షాక్ కొడుతుంది.