కారు అమ్మేద్దాం అంటున్నారు మా వారు, ఒప్పుకోవాలా?

కారు లోన్ తీరిపోయింది, ఇప్పుడు అమ్మేస్తే మంచి రేటొస్తుంది, ఎక్కడికెళ్ళాలన్నా ఫోన్లో క్యాబ్ బుక్ చేసుకోవచ్చు, ఊరికే నిలబెట్టుకోడానికి కారెందుకు అని మీ వారు అంటున్నారని రాశారు. వారానికి మూడుసార్లు అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళేది మీరు, పెళ్ళయ్యాక కష్టపడి డ్రైవింగ్ నేర్చుకున్నదీ మీరే, వద్దన్నందుకు "నీకు కారంటే మోజు" అన్నారు, అప్పట్నుంచి ఇద్దరి మధ్యా సరిగ్గా మాటల్లేవు, ఇక నా పట్టుదల మానుకోవాలా అని అడిగారు.

మానుకోవద్దమ్మా, ఇప్పుడైతే అస్సలు వద్దు. అలాగని మీ వారిది తప్పుడు లెక్క అనుకోకండి, అందులో చాలావరకు నిజముంది. కారు దాదాపు 95 శాతం సమయం కదలకుండా నిలబడే ఉంటుందని, పార్కింగ్ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన డోనాల్డ్ షూప్ లాంటివాళ్ళు ఎప్పుడో చెప్పారు. నిలబడ్డా సరే ఇన్సూరెన్స్ కట్టాలి, బ్యాటరీ దిగిపోతుంది, రీసేల్ రేటు పడిపోతూనే ఉంటుంది. ఈ రేటు పడిపోవడం నెలనెలా జేబులోంచి తీసిచ్చే డబ్బు కాదు కాబట్టి మనమెవరం లెక్కలో వేసుకోం గానీ కొత్త కార్లకైతే చాలాసార్లు అదే అన్నిటికన్నా పెద్ద ఖర్చు. ఆయన ఒక్కరే ఆఫీసుకెళ్ళి రావడానికో, పార్కింగ్ దొరకని చోటికో, స్టేషన్‌కో క్యాబ్ హాయిగా సరిపోతుంది, మీ ఇంట్లో రెండు కార్లుండి ఉంటే ఒకటి అమ్మేయమని నేనే చెప్పేదాన్ని.

కానీ ఉన్నది ఒక్కటే. పైగా ఆయన లెక్క మామూలు రోజులది, మీ భయం మామూలుగా లేని గంటలది. నాలుగ్గంటలు మిషన్ మీద ఉండి లేచాక సూది తీసిన చోట రక్తం ఆగేదాకా నొక్కి పట్టుకోవాలి, ఒక్కోసారి బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, మళ్ళీ పడుకోబెడతారు, అందుకని ఎన్నింటికి బయటికొస్తారో నర్సు కూడా కచ్చితంగా చెప్పలేదు. ముందే క్యాబ్ బుక్ చేస్తే ఆ డ్రైవర్ అంతసేపు ఆగడు, బయటికొచ్చాక బుక్ చేస్తే పెద్దావిడ కుర్చీలో వాలిపోయి ఉంటే మీరు ఫోన్లో ఆ చిన్న కారు బొమ్మ ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ నిలబడాలి, ఈలోగా ఎక్కడికండీ అని ఫోనొస్తుంది, వీల్‌చెయిర్ ఉందని చెప్పగానే క్యాన్సిల్. డ్రైవర్‌ని కూడా పూర్తిగా తప్పు పట్టలేం, పికప్ దాకా ఖాళీగా రావడానికి చాలాచోట్ల అతనికి పైసా రాదు, దగ్గర ట్రిప్పు కోసం అంతదూరం వస్తే గిట్టదు. అతని కష్టం అతనిది నిజమే, కానీ ఆ భారమంతా చివరికి పడేది మీ అత్తగారి మీద.

ఇంకో మాట. మీ వారి ఆలోచన ఇంతకుముందు చాలా పెద్దవాళ్ళకే వచ్చింది. ఉబర్ లాంటిదే అయిన లిఫ్ట్ అనే అమెరికా క్యాబ్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన జాన్ జిమ్మర్, 2025 కల్లా అమెరికా పెద్ద సిటీల్లో సొంత కారనేది దాదాపు ఉండదని 2016లో రాశాడు, 2025 వచ్చి వెళ్ళిపోయింది, సొంత కార్లు అలాగే ఉన్నాయి. ఎందుకంటే అందరికీ కారు కావాల్సింది ఒకే టైముకి, పొద్దున ఆఫీసు టైము, సాయంత్రం, వాన పడ్డప్పుడు. మధ్యాహ్నం ఎన్ని క్యాబ్‌లు ఖాళీగా ఉంటే ఏం లాభం, వానొచ్చేసరికి సర్జ్ రేటు, అంటే గిరాకీ పెరిగిందని పెంచేసిన రేటు. అదీకాక సర్వీసు మన చేతుల్లో ఉండదు. 2016 మే నెలలో అమెరికాలోని ఆస్టిన్‌లో డ్రైవర్ల వేలిముద్రలు తీసుకుని తనిఖీ చేయాలన్న రూల్ మీద జనం ఓటింగ్ కంపెనీలకి వ్యతిరేకంగా వచ్చేసరికి ఉబర్, లిఫ్ట్ రెండూ రెండ్రోజుల్లో సర్వీసు ఆపేశాయి, మళ్ళీ వచ్చింది ఏడాది తర్వాత. అక్కడ అప్పటికే కారు అమ్మేసుకున్న ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉంటే ఏమై ఉండేదో మీ వారిని ఒక్కసారి ఆలోచించమనండి.

ఇక "మోజు" అన్న మాట. అది మిమ్మల్ని కారు కన్నా ఎక్కువ బాధపెట్టిందని మీ ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. నాకేమనిపిస్తుందంటే ఆయనకి ఆ డయాలసిస్ రోజులు ఎలా ఉంటాయో తెలీదు, మీరు చక్కగా తీసుకెళ్ళి తీసుకొచ్చేస్తున్నారు కాబట్టి ఆయన కంటికి అది ఒక ట్రిప్పు మాత్రమే. చెప్తే అర్థం కాదు, చేసి చూడాలి. కారు తాళాలు బీరువాలో పెట్టేసి ఒక నెల క్యాబ్‌ల మీదే ఉందామని మీరే అనండి, కానీ ఒక షరతు పెట్టండి, అందులో ఒక వారం మూడు డయాలసిస్‌లకీ వాళ్ళమ్మని ఆయనే క్యాబ్‌లో తీసుకెళ్ళి తీసుకురావాలి, బుకింగ్ కూడా ఆయన ఫోన్లోనే. సెలవు పెట్టడం కుదరదంటే ఆ జవాబులోనే సగం సంగతి ఉంది, అది ఆయనకి నెమ్మదిగా చెప్పండి, దెప్పిపొడవకండి. క్యాబ్‌లకి ఎంతైందో రాసుకోండి, ఎంతసేపు నిలబడ్డారో, ఎన్ని క్యాన్సిల్ అయ్యాయో కూడా దాని పక్కనే రాసుకోండి, లేకపోతే నెలాఖరుకి డబ్బు లెక్క మాత్రమే మిగులుతుంది. అత్తగారికి ఒంట్లో బాగోకపోతే మాత్రం పంతానికి పోకుండా తాళాలు బయటికి తీయండి.

ఆ నెల గడిచాక క్యాబే బాగుందని మీకే అనిపించొచ్చు, డ్రైవింగ్ చేయక్కర్లేకుండా వెనక సీట్లో అత్తగారి చెయ్యి పట్టుకుని కూర్చోవడం కూడా ఒక సుఖమే కదా. అప్పుడు అమ్మండి, కానీ యాప్ మీద కాకుండా తెలిసిన డ్రైవర్‌ని ఒకర్ని ఆ మూడు రోజులకీ నెల లెక్కన మాట్లాడుకోండి, వచ్చిన డబ్బు వేరే ఖాతాలో వేసి మళ్ళీ కారు కొనాల్సొస్తే తప్ప ముట్టుకోకూడదని ఇద్దరూ ముందే అనుకోండి. లేదూ అంటే ఇప్పుడున్నది అమ్మి చిన్న సెకండ్ హ్యాండ్ బండి తీసుకున్నా ఆయన లెక్కా మీ అవసరమూ రెండూ తీరతాయి.

మీరు ఇంత వివరంగా రాశారు గానీ అత్తగారు ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆవిణ్ణి ఇద్దరూ కలిసి కూర్చుని అడగండి, మీరొక్కరే అడిగి ఆయనకి చెప్తే కోడలు నేర్పించిన మాటలా ఉంటుంది. అప్పటిదాకా అమ్మకం కాగితాల మీద ఎవరూ సంతకం పెట్టొద్దు.