ఊరు మారిన హాకీ జట్టు: టికెట్ల డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మేము మసాచుసెట్స్‌లో ఉంటున్నాం. మా ఊరి మైనర్ లీగ్ ఐస్ హాకీ జట్టును వేరే యాజమాన్యానికి అమ్మేశారు. వచ్చే సీజన్ నుంచి మరో రాష్ట్రంలోని నగరంలో ఆడుతుందని ప్రకటించారు. ఆ ప్రకటనకు ఆరు వారాల ముందే వచ్చే సీజన్ కోసం మూడు సీట్లకు 1,980 డాలర్లు క్రెడిట్ కార్డు మీద కట్టాం. ఇప్పుడేమో ‘మీ డబ్బు కొత్త నగరంలోని మ్యాచ్‌లకు జమ చేస్తాం, ఈ లింకు నొక్కి అంగీకారం తెలపండి’ అని ఈమెయిల్ వచ్చింది. ఆ నగరం మాకు ఏడు గంటల ప్రయాణం. నా భార్య అదే జట్టు కార్యాలయంలో అకౌంటెంటు. హెచ్‌-1బీ వర్క్ వీసా మీద ఉంది, గ్రీన్ కార్డు కోసం యజమాని వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది ఏడాదిన్నర అయింది. ఆమెనూ కొత్త ఊరికి రమ్మంటున్నారు. మా తొమ్మిదేళ్ల బాబు ‘జట్టు వెళ్లకుండా కోర్టు ఆపలేదా?’ అని రోజూ అడుగుతున్నాడు. మేమేం చేయాలి?
(పేరు, ఊరు రాయవద్దన్న పాఠకుడు)

జవాబు: ముందుగా ఆ లింకు నొక్కకండి. ఇంట్లో ఎవరినీ నొక్కనివ్వకండి. ఒక్కసారి ‘అంగీకరిస్తున్నాను’ అన్నారంటే, పాత ఒప్పందం రద్దయి దాని స్థానంలో కొత్తది వచ్చిందని వాదించడానికి మీరే వాళ్లకు ఆధారం ఇచ్చినట్లవుతుంది. మీరు కొన్నది మీ ఊరి అరీనాలో, ఫలానా వరుసలో, ఫలానా మూడు సీట్లు. ఏడు గంటల దూరంలో ఉన్న మరో అరీనాలోని సీట్లు కావు. అలాగని ఆ ఈమెయిల్‌ను చెరిపేయకండి. అది మీకు ఎంతో పనికొస్తుంది. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన మాట ‘అమ్మేశారు’. అదే యజమాని జట్టును తీసుకుని ఊరు మారితే డబ్బు అడగవలసింది ఎవరినో అందరికీ తెలుసు. అమ్మకం జరిగితే అంత తేలిక కాదు. మీరు పంపిన రసీదు ఫొటోను పెద్దది చేసి చూశాను. పైన జట్టు చిహ్నం, పెద్ద అక్షరాల్లో జట్టు పేరు. అట్టడుగున, సీటు నంబర్ల కింద, బూడిద రంగు సన్నటి అక్షరాల్లో ఇంకో పేరు ఉంది, చివర ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) అని. మీకు టికెట్లు అమ్మింది ఆ కంపెనీ. మీకు బాకీ పడింది కూడా అదే.

మైనర్ లీగ్ జట్టు అనగానే మనకు ఆటగాళ్లు, జెర్సీలు, పిల్లలతో ఫొటోలు దిగే మస్కట్ గుర్తుకొస్తాయి. చట్టం కంటికి కనిపించేది వేరు. చాలామంది ఆటగాళ్ల కాంట్రాక్టులు పైనున్న అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్ఎల్ జట్టు చేతిలో ఉంటాయి. చాలాచోట్ల అరీనా ఊరిది, జట్టు అందులో అద్దెకుంటుంది. నిజంగా ధర పలికేది లీగ్‌లో సభ్యత్వం. కొనేవారు తరచుగా ఆ సభ్యత్వాన్ని, కొంత సామగ్రిని మాత్రమే కొంటారు. పాత కంపెనీ బాకీలలో ఏవి తమ నెత్తిన వేసుకుంటారన్నది అమ్మకం ఒప్పందంలో రాసుకుంటారు. టికెట్ల డబ్బు ఆ జాబితాలో లేకపోతే మీ బాకీ పాత కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. అమ్మకం సొమ్ము యజమానులు పంచుకున్నాక ఆ కంపెనీ ఖాళీ డబ్బా అవుతుంది. అప్పుడు కోర్టు తీర్పు చేతిలో ఉన్నా వసూలు చేసుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. తొందరపడమని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

ఇక ఆ ఈమెయిల్ సంగతి. అది కొత్త యాజమాన్యం చిరునామా నుంచి వచ్చి, ‘మీ డబ్బు జమ చేస్తాం’ అంటోందంటే, ఆ బాకీ తమదేనని వాళ్లు తమ మాటల్లోనే ఒప్పుకుంటున్నారని వాదించే వీలుంది. పంపినవారి చిరునామా, తేదీ, సమయం కనిపించేలా ముద్రించి దాచండి.

టికెట్ మీద మీకున్న హక్కు ఎంతవరకు? అమెరికా సుప్రీంకోర్టు 1913లో ఒక గుర్రప్పందేల మైదానం కేసులో దీనికి జవాబు చెప్పింది. టికెట్ కొన్నంత మాత్రాన ఆ స్థలం మీద హక్కు రాదు, లోపలికి రానివ్వకపోతే ఒప్పందం తప్పినందుకు దావా వేసుకోవచ్చు అని ఆ తీర్పు సారాంశం. మీకూ అదే వర్తిస్తుంది. ‘నా సీటు నాకు కావాలి, జట్టును ఇక్కడే ఆడించండి’ అని మీరు అడగలేరు. ‘ఆట చూపించలేదు, నా డబ్బు నాకివ్వండి’ అని అడగగలరు. టికెట్ షరతుల్లో ‘తేదీలు, వేళలు మార్చే అధికారం మాకుంది’ అన్న వాక్యం ఉండవచ్చు. దాన్ని చూపించి బెదిరిస్తే బెదరకండి. మంగళవారం మ్యాచ్‌ను బుధవారానికి మార్చడం వేరు, సీజన్ మొత్తాన్ని రాష్ట్రం దాటించడం వేరు. ఆ షరతుల్లోనే తగాదాను కోర్టులో కాక మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని రాసి ఉందేమో కూడా చూడండి. అలా ఉన్నా చిన్న మొత్తాల కోర్టుకు వెళ్లే మినహాయింపు చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

మొదటి పని కార్డు బ్యాంకుకు రాయడం. కొన్న సేవ అందకపోతే, ఆ ఖర్చు కనిపించిన బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపే హక్కు ఫెడరల్ చట్టం ఇస్తోంది. మీరు ప్రకటనకు ఆరు వారాల ముందే కట్టారు కనుక ఆ గడువు ముగింపుకు వచ్చి ఉంటుంది. ఈ రోజే బిల్లు తీసి తేదీ చూడండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. బిల్లుల తగాదాలకు బ్యాంకు ఇచ్చిన ప్రత్యేక చిరునామాకు ఉత్తరం పంపండి. గడువు దాటిపోయినా ఒకసారి అడగండి. ముందుగా డబ్బు కట్టిన సేవల విషయంలో కార్డు నెట్‌వర్కుల సొంత నిబంధనలు కొంత ఎక్కువ సమయం ఇస్తుంటాయి.

రెండోది, మీ రాష్ట్రంలో ఉన్న అసలైన ఆయుధం చాప్టర్ 93ఏ. మసాచుసెట్స్ వినియోగదారుల రక్షణ చట్టం ఇది. ముందుగా తెలిసి ఉంటే కొనుగోలుదారుడు ఆ వస్తువు కొనకపోవచ్చు అనిపించే విషయాన్ని దాచిపెట్టి అమ్మడం ఈ చట్టం కింద మోసపూరిత పద్ధతి. ప్రకటనకు ఆరు వారాల ముందు మీ దగ్గర డబ్బు తీసుకున్నారు. జట్టు అమ్మకం, లీగ్ అనుమతి అనేవి ఒక్క రాత్రిలో జరిగే పనులు కావు. మీ టికెట్లు అమ్మేనాటికే బేరం నడుస్తోందా అన్నది మీ కేసులో కీలకమైన ప్రశ్న. ఇది రుజువైతే, కావాలని చేసినట్లు కోర్టు భావిస్తే, నష్టానికి రెండింతలు, మూడింతలు కూడా ఇప్పించవచ్చు. మీ లాయరు ఫీజు కూడా అదనంగా వాళ్లచేతే ఇప్పిస్తుంది.

ఈ చట్టం కింద దావాకు 30 రోజుల ముందు డిమాండు ఉత్తరం పంపాలి. దాన్ని మీరే రాసుకోవచ్చు. ఎప్పుడు, ఎంత, ఏ సీట్లకు కట్టారో, ప్రకటన ఎప్పుడు వచ్చిందో, ఏ విషయం దాచారో, మీకు కలిగిన నష్టం ఎంతో, చాప్టర్ 93ఏ సెక్షన్ 9 కింద ఎంత అడుగుతున్నారో రాయండి. పాత ఎల్‌ఎల్‌సీకి ఒకటి, కొత్త యాజమాన్యానికి ఒకటి, రెండూ సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్లు సంతకంతో. అవతలివారికి రాష్ట్రంలో కార్యాలయం గాని ఆస్తి గాని లేకపోతే ఈ ఉత్తరం తప్పనిసరి కాదని చట్టమే చెబుతోంది. అయినా పంపండి. 30 రోజుల్లోగా వాళ్లు సబబైన మొత్తం ఇస్తామంటే తీసుకోండి. మీరు కాదన్నారంటే కోర్టు తర్వాత మీకు ఇప్పించేది ఆ మొత్తానికే పరిమితం కావచ్చు.

జవాబు రాకపోతే మీ జిల్లా కోర్టులోని చిన్న మొత్తాల విభాగానికి వెళ్లండి. అక్కడ పరిమితి 7,000 డాలర్లు. లాయరు అవసరం లేదు. 93ఏ దావాకు నాలుగేళ్ల గడువుంది, కానీ పాత కంపెనీ ఖాళీ డబ్బా అయ్యే ప్రమాదం ఉంది కనుక నాలుగు నెలలు కూడా ఆగవద్దంటాను. ఈలోగా పాత కంపెనీ దివాలా పిటిషన్ వేస్తే భయపడి వదిలేయకండి. అందని సేవల కోసం ముందుగా డబ్బు కట్టిన వ్యక్తులకు దివాలా చట్టం 3,800 డాలర్ల వరకు మామూలు అప్పులవాళ్ల కన్నా ముందు వరుస ఇస్తుంది. నోటీసులో చెప్పిన తేదీలోగా మీ క్లెయిము దాఖలు చేస్తే చాలు.

మీ భార్య ఉద్యోగం గురించి మీరు రాసింది మూడు వాక్యాలే. నా దృష్టిలో మీ కుటుంబానికి 1,980 డాలర్ల కన్నా ఇదే పెద్ద విషయం. హెచ్‌-1బీ ఒక యజమానికే కాదు, ఒక పనిచోటుకు కూడా ముడిపడి ఉంటుంది. రోజూ వెళ్లిరాగలిగే ప్రాంతం దాటి పనిచోటు మారితే యజమాని సవరణ పిటిషన్ వేయాలని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో ఇమిగ్రేషన్ శాఖ తేల్చింది. అది దాఖలయ్యే దాకా ఆమె కొత్త ఊరిలో పని మొదలుపెట్టకూడదు. దాఖలైన రసీదు చూపించమని అడగండి. ‘లాయరు చూసుకుంటున్నారు’ అన్న నోటిమాటతో సామాను సర్దుకోవద్దు. యాజమాన్యం కూడా మారుతోంది కనుక, పాత కంపెనీ ఆమె విషయంలో ఒప్పుకున్న బాధ్యతలను కొత్త కంపెనీ రాతపూర్వకంగా స్వీకరించిందా అన్నది రెండో ప్రశ్న.

గ్రీన్ కార్డు సంగతి కొంత ఊరటనిస్తుంది. ఆమోదం పొంది 180 రోజులు దాటిన ఐ-140ను, యజమాని వెనక్కి తీసుకున్నా వ్యాపారమే మూసేసినా, ఆ కారణంతో రద్దు చేయరు. గ్రీన్ కార్డు వరుసలో స్థానాన్ని నిర్ణయించే ప్రయారిటీ తేదీ ఆమెదే. ఇన్నేళ్లుగా వరుసలో నిలబడిన మనవాళ్లకు ఆ తేదీ ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు. అయితే ఐ-140కు ముందు కార్మిక శాఖ ఇచ్చే పెర్మ్ ధ్రువీకరణ మాత్రం ఊరికి కట్టుబడినది. కొత్త నగరంలో ఉద్యోగానికి ఆ ప్రక్రియ మళ్లీ మొదటి నుంచి చేయవలసి రావచ్చు. కొత్త యాజమాన్యం అందుకు సిద్ధమేనా అని ఇప్పుడే ఉత్తరం ద్వారా అడగమనండి.

ఆమె వెళ్లకూడదనుకుంటే రాజీనామా లేఖ మీద సంతకం పెట్టే ముందు ఆగమనండి. ‘ఇష్టపూర్వకంగా వదిలేశాను’ అని రాసివ్వడం వేరు, పనిచోటు మూసి తీసేయడం వేరు. మసాచుసెట్స్‌లో యజమాని తీసేస్తే, మిగిలిన సెలవుల డబ్బుతో సహా చివరి జీతం అదే రోజు చెల్లించాలి. ఆలస్యమైతే ఆలస్యమైన మొత్తానికి మూడింతలు ఇవ్వాలని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2022లో స్పష్టం చేసింది. ఉద్యోగం ఆగిన రోజు నుంచి, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు అంతకన్నా ముందే ముగియకపోతే, ఆమెకు గరిష్ఠంగా 60 రోజులు ఉంటాయి. ఆలోగా మరో యజమాని పిటిషన్ దాఖలు చేయాలి. ఆ వెతుకులాట ఈ వారమే మొదలుపెట్టమనండి.

ఇక బాబు అడిగినది. కోర్టు ఆపిన సందర్భం ఉందని వాడికి చెప్పండి. 2001లో మిన్నెసోటా ట్విన్స్ బేస్‌బాల్ జట్టును మూసేయాలని లీగ్ చూస్తుంటే, 2002 సీజన్ తమ స్టేడియం మెట్రోడోమ్‌లోనే ఆడి తీరాలని కోర్టు ఆదేశించింది, ఒప్పందంలో ఆ సీజన్ ఉంది కనుక. సియాటిల్ నగరం కూడా 2010 దాకా లీజు ఉందని బాస్కెట్‌బాల్ జట్టు మీద కోర్టుకెక్కింది. చివరికి 2008లో 4.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరి జట్టు ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయింది. ఒహాయోలో 1996 నుంచి ఒక చట్టం ఉంది. ప్రజల డబ్బుతో నడిచే స్టేడియంలో ఆడుతూ ప్రభుత్వ సాయం పొందిన జట్టు రాష్ట్రం దాటి వెళ్లాలంటే ఆరు నెలల ముందు చెప్పి, స్థానికులకు కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. అది మీ రాష్ట్రంలో పనికిరాదు. పైగా ఈ పోరాటాలన్నీ లీజు ఉన్న నగరాలు, ప్రభుత్వాలు చేసినవి. అభిమాని తనంతట తాను జట్టును ఆపలేడు. ఈ మాట వాడికి నెమ్మదిగా చెప్పాల్సింది మీరే.

కానీ లీజు చూసే హక్కు మీకుంది. అరీనా నగరపాలక సంస్థదైతే ఆ ఒప్పందం ప్రజా పత్రం. రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద నకలు అడిగితే 10 పనిదినాల్లో జవాబివ్వాలి. లీజు ఎప్పటిదాకా ఉంది, ముందే వెళ్తే ఎంత పరిహారం, టికెట్ డబ్బుకు ఏదైనా హామీ ఉందా అన్నవి అందులో చూడండి. ఈ మూడో అంశం దొరికితే మీతోపాటు మిగతా టికెట్‌దారులందరికీ ఉపయోగం. నగర మండలి సమావేశానికి నలుగురైదుగురు కలిసి వెళ్లి అడగండి.

హాకీలో ఖాళీ అయిన మంచు మళ్లీ నిండిన ఊళ్లు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. వూస్టర్ నుంచి షార్క్స్ 2015లో కాలిఫోర్నియాకు వెళ్లారు. 2017లో అక్కడికి రైలర్స్ వచ్చారు. 2016లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఫాల్కన్స్‌ను అరిజోనాలోని టూసాన్‌కు తీసుకెళ్తే, ఆ వసంతంలోనే మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పైరేట్స్‌ను కొని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తెచ్చుకున్నారు. అలా ఖాళీ అయిన పోర్ట్‌లాండ్‌కు, అలాస్కాలో ఆట ఆపేసిన జట్టు సభ్యత్వం 2018లో మెయిన్ మెరైనర్స్ రూపంలో చేరింది. మీ నగర మండలిలో కొత్త జట్టు గురించి చర్చ వస్తే, పాత టికెట్‌దారులకు సీట్ల ఎంపికలో ముందు వరుస ఇవ్వాలని కొత్త లీజులో రాయించమని కోరండి. బాబును కూడా వెంట తీసుకెళ్లండి. ప్రజలు మాట్లాడే సమయం ఇచ్చినప్పుడు వాడే లేచి అడగవచ్చు.